కడుపు నిండాలి, బరువు తగ్గాలి

మన మస్జిదుల్లో చివరి వరుసను ఒకసారి గమనించండి. ఇరవై ఏళ్ళ క్రితం అక్కడ ఒకటి రెండు కుర్చీలు ఉండేవి. అవీ బాగా వయసు మళ్ళినవారి కోసం. ఇప్పుడు చాలా చోట్ల గోడ పొడవునా కుర్చీలే. వాటిలో కూర్చుని నమాజు చేస్తున్నవారిలో యాభై దాటనివారు కూడా కనిపిస్తున్నారు. ఇళ్ళలో మన అమ్మలు, అక్కల పరిస్థితి కూడా ఇంతకన్నా మెరుగ్గా లేదు. రుకూ వరకు ఫరవాలేదు, సజ్దాకు వంగితే మళ్ళీ లేవడానికి మంచం కోడు పట్టుకోవాలి.

మోకాళ్ళ నొప్పికి కారణాలు అనేకం. అన్నీ బరువు వల్లనే అని మేము అనడం లేదు. కాని బరువు ఉన్న చోట నొప్పి రెట్టింపవుతుంది. మోకాళ్ళు అరిగిన స్థూలకాయులను నడిపించి కొలిచిన ఒక అమెరికా పరిశోధన 2005లో వెలువడింది. శరీరంలో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలిపై పడే భారం నాలుగు కిలోల మేరకు తగ్గుతుందని అందులో తేలింది. అంటే ఐదు కిలోలు తగ్గిన మనిషి మోకాలు అడుగడుగునా ఇరవై కిలోలు దించుకున్నట్లు!

మాకు బాగా తెలిసిన ఒక ఇంటి పెద్దావిడ సంగతి చెబుతాము. వయసు యాభై నాలుగు. షుగరు హద్దు మీద ఉంది, మోకాళ్ళు పట్టేశాయి. ఏడెనిమిది కిలోలు తగ్గమని డాక్టరు చెప్పారు. ఆమె ఆ రోజు నుంచే రాత్రి భోజనం మానేశారు. ఇషా తర్వాత ఒక కప్పు టీ, రెండు రస్కులు, అంతే. పదకొండు గంటలకు కడుపులో మంట మొదలయ్యేది. అందరూ పడుకున్నాక వంటగదిలోకి వెళ్ళి డబ్బాలోని బిస్కెట్లు, మిక్చరు, మిగిలిన అన్నం ఏది దొరికితే అది తినేవారు. నెల తిరిగేసరికి కిలో పెరిగారు. "నాకు నఫ్స్ మీద అదుపు లేదు బేటా, అల్లాహ్ నన్ను క్షమించాలి" అని కోడలి దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నారట.

ఈ వ్యాసం ఆ కన్నీళ్ళ కోసమే వ్రాస్తున్నాము. ఆవిడకు అదుపు లేకపోవడం కాదు, ఆవిడ ఎంచుకున్న ఆహారం ఆకలిని తీర్చలేకపోయింది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. రెండు రస్కులు, చక్కెర వేసిన టీ కలిపితే దాదాపు నూట యాభై కేలరీలు ఉంటాయి. అదే నూట యాభై కేలరీలకు ఒక పెద్ద గిన్నెడు పల్చని పప్పు వస్తుంది. మొదటిది గంటలో కరిగిపోతుంది, రెండోది పడుకునే దాకా నిలుస్తుంది.

కడుపు దేనితో నిండుతుంది?

ఇక్కడ కొందరు పాఠకులకు ఒక సందేహం రావచ్చు. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి ఉంచుకోమన్న దైవప్రవక్త (స) హితవు తిర్మిజీ గ్రంథంలో ఉంది కదా, మీరేమో కడుపు నింపమంటున్నారేమిటి? అని. నిండడమంటే గొంతు దాకా తినడమని మా ఉద్దేశం కాదు. ఆకలి తీరి, ఇంకా తినగలిగి ఉండి కూడా దస్తర్‌ఖాన్ మీద నుంచి లేవగలగడం. ఆకలి తీరని మనిషి ఆ మూడో వంతు దగ్గర ఆగలేడు. ఆగగలిగేటట్లు చేసే ఆహారమేది అన్నదే ఇక్కడ ప్రశ్న. హదీసులలో వైద్యశాస్త్రాన్ని వెదికి చూపించడం మా పని కాదు, కాని ఆ హితవును ఆచరణలో పెట్టడానికి ఆహారం గురించిన జ్ఞానం పనికి వస్తుంది.

మన పొట్ట కేలరీలను లెక్కపెట్టదు. తిన్నదాని పరిమాణాన్ని, బరువును, అది ఎంతసేపు నిలిచిందన్న దానిని గమనిస్తుంది. నీరు, పీచు ఎక్కువగా ఉన్న ఆహారం చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది, కేలరీలు తక్కువ ఇస్తుంది. మాంసకృత్తులు ఉన్న ఆహారం ఆకలిని ఎక్కువసేపు దూరంగా ఉంచుతుంది. నమిలి తినవలసిన ఆహారం నెమ్మదిగా లోపలికి వెళుతుంది. కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి ఆ నెమ్మది మనకు మేలు చేస్తుంది. నూనె, నెయ్యి, చక్కెర దీనికి పూర్తిగా వ్యతిరేకం. చోటు తక్కువ, కేలరీలు ఎక్కువ. పిండిపదార్థంలోనూ మాంసకృత్తుల్లోనూ గ్రాముకు నాలుగు కేలరీలు ఉంటే, క్రొవ్వులో తొమ్మిది ఉంటాయి.

1995లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసన్నా హోల్ట్, ఆమె సహచరులు ఒక పరీక్ష చేశారు. 38 రకాల ఆహారాలను తీసుకున్నారు. ప్రతిదానిలోనూ సరిగ్గా 240 కేలరీలు ఉండేటట్లు తూచి పెట్టారు. తిన్నవారిని రెండు గంటల పాటు ప్రతి పావుగంటకూ ఆకలి ఎలా ఉందని అడిగారు. తెల్ల బ్రెడ్డును 100గా పెట్టుకుని మిగతావాటికి అంకెలు వేశారు. అన్నిటికంటే పైన నిలిచింది ఏమిటో తెలుసా? ఉడకబెట్టిన ఆలుగడ్డ, 323! చేపకు 225, నారింజకు 202, గ్రుడ్లకు 150, తెల్ల అన్నానికి 138 వచ్చాయి. కేకుకు 65 మాత్రమే. వేరుశనగ గుళ్ళకు కూడా 84 దాటలేదు. ఒక్కొక్క ఆహారాన్ని పరీక్షించినవారు పది పన్నెండు మందే కనుక ఈ అంకెలను తూకపురాళ్ళలా పట్టుకోవలసిన పని లేదు. కాని దారి మాత్రం తెలుస్తుంది.

ఆలుగడ్డ పేరు వినగానే సంతోషపడేవారికి ఒక మాట. అది ఉడికించిన ఆలుగడ్డ. వంద గ్రాములకు తొంభై కేలరీల లోపే. దానినే చిప్స్‌గా వేయిస్తే నీరంతా పోయి, నూనె చేరి, అదే వంద గ్రాములు ఐదు వందలు దాటుతుంది. షుగరు ఉన్నవారు ఉడికించినదైనా అన్నంలో కొంత తగ్గించుకుని తినాలి గాని అన్నంతో పాటు అదనంగా తినకూడదు.

బిర్యానీ, గ్లాసు నీళ్ళు, చారు

మా దృష్టిలో అన్నింటికన్నా పనికొచ్చే పరిశోధన మరొకటి ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్బరా రోల్స్ బృందం 1999లో ప్రచురించింది. కోడిమాంసం, బియ్యం, కూరగాయలు కలిపి గట్టిగా వండిన వంటకాన్ని కొందరు స్త్రీలకు మధ్యాహ్న భోజనానికి ముందు పెట్టారు. ఇంకొక రోజు అదే వంటకంతో పాటు ఒక పెద్ద గ్లాసు నీళ్ళు ఇచ్చారు. మరొక రోజు అవే నీళ్ళను వంటకంలోనే పోసి పల్చని సూపుగా చేసి ఇచ్చారు. దినుసులు అవే, కేలరీలు అవే, నీళ్ళూ అవే. ప్రక్కన త్రాగిన నీళ్ళు ఏ తేడా చూపలేదు. వంటలో కలిసిన నీళ్ళు మాత్రం ఆ తర్వాత తిన్న భోజనంలో సుమారు వంద కేలరీలు తగ్గించాయి. 2007లో అదే విశ్వవిద్యాలయం చేసిన మరో పరీక్షలో, భోజనానికి ముందు సూపు త్రాగినవారు సూపుతో సహా లెక్కించినా మొత్తం మీద 20 శాతం తక్కువ కేలరీలు తిన్నారు.

"భోజనానికి ముందు రెండు గ్లాసుల నీళ్ళు త్రాగండి, చాలు" అని సలహా ఇచ్చేవారు మన చుట్టూ చాలామంది ఉన్నారు. కొందరికి కొంత పనిచేయవచ్చు. కాని నీళ్ళు పొట్టలో నిలవవు. పీచుతో, పప్పుతో, కూరగాయతో కలిసిన నీరే నిలుస్తుంది. ఈ విషయంలో మన వంటిళ్ళు ఎంత అదృష్టం చేసుకున్నాయో చూడండి! ఖట్టీ దాల్, పప్పుచారు, టమాటా చారు, మజ్జిగ పులుసు, దాల్చా, పాయా, చేపల పులుసు... వీటన్నిటిలో నీరు వంటలోనే ఉంది. వీటిని మనం అన్నం తడపడానికి వాడుకుంటున్నాము, తప్పు అక్కడ ఉంది. ముందుగా ఒక గిన్నెడు పప్పుచారును విడిగా త్రాగి, ఆ తర్వాత అన్నం పెట్టుకుని చూడండి.

పళ్ళెం తిరగవేయాలి

పైన చెప్పిన పెద్దావిడ మధ్యాహ్న భోజనాన్ని కోడలు ఒకరోజు కప్పుతో కొలిచింది. అన్నం మూడు కప్పులు, అంటే ఆరు వందల కేలరీలు. వంకాయ వేపుడు రెండు గరిటెలు, ఊరగాయ, చివర కొంచెం పెరుగు. అంతా కలిపి ఎనిమిది వందల యాభైకి తగ్గదు. చూడడానికి ఏమంత ఎక్కువ తిన్నట్లు కనిపించదు!

దానిని ఇలా మార్చారు. అన్నం కప్పున్నర. పప్పు ఒక పెద్ద గిన్నె. బీరకాయ కూర, చెంచా నూనెతో, పళ్ళెంలో సగం. ఒక దోసకాయ ముక్కలుగా. చివర పెరుగుకు బదులు పెద్ద గ్లాసు పల్చని మజ్జిగ. ఇది దాదాపు ఆరు వందల కేలరీలు. తూకంలో చూస్తే మాత్రం పాత భోజనం కన్నా ఎంతో ఎక్కువ. మొదటి రోజు ఆవిడ పూర్తి చేయలేకపోయారు. "ఇంత తింటే తగ్గుతానా?" అని అనుమానపడ్డారట.

రాత్రికి రస్కుల స్థానంలో ఒక గిన్నెడు పెసరపప్పు, పాలకూర, ఉడికించిన గ్రుడ్డు ఒకటి, ఒక చిన్న జొన్నరొట్టె. పదకొండు గంటలకు వంటగది దీపం వెలగడం ఆగిపోయింది. ఐదు నెలల్లో నాలుగు కిలోలు తగ్గారు. డాక్టరు చెప్పినది ఇంకా పూర్తి కాలేదు. జుహర్, అసర్ నమాజులు ఇప్పుడు జానిమాజు మీదే చేస్తున్నారు. రాత్రి పూట తరావీహ్‌కు కుర్చీ ఇంకా కావాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా దాదాపు ఇదే చెబుతున్నాయి. రోజు మొత్తంలో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతానికి మించకూడదు, పళ్ళెంలో సగం కూరగాయలు, పండ్లు, ఆకుకూరలు ఉండాలి. రెండు వేల కేలరీల ఆహారంలో నూనె, నెయ్యి కలిపి రోజుకు 27 గ్రాములు సరిపోతాయని ఆ సంస్థ లెక్క. ఐదుగురున్న ఇంటికి నెలకు నాలుగు కిలోలన్నమాట. మీ ఇంటి నెలసరి సరుకుల చీటీలో నూనె ఎంత వ్రాసి ఉందో ఒకసారి చూసుకోండి. ఒక పెద్ద చెంచా నూనె నూట ఇరవై కేలరీలు. కూరలో నూనె పైకి తేలితేనే వంట బాగుందనే అలవాటు మనలో బలంగా ఉంది. గరిట తిప్పేవారే దీనిని మార్చగలరు.

తేలిక అనుకుని మోసపోయేవి

రాత్రికి అన్నం మానేసి చపాతీ తింటున్నామని గర్వంగా చెప్పేవారు చాలామంది. నూనె పూసి కాల్చిన మూడు చపాతీలు, ఆలుగడ్డ వేపుడు కలిస్తే అన్నం కన్నా ఎక్కువే అవుతుంది. జొన్నలు, రాగులు, కొర్రలు మంచివే. వాటిలో పీచు ఎక్కువ. కాని కిలో పిండిలో కేలరీలు బియ్యానికి ఇంచుమించు సమానం. రొట్టెకు నమలాలి కనుక రెండింటి దగ్గర ఆగుతాము, అక్కడే లాభం. అదే రాగిపిండి బెల్లంతో జావ కాస్తే ఆ లాభం పోతుంది.

బొరుగులు గాలి లాంటివి. తింటున్నంతసేపూ తింటూనే ఉంటాము. పండు మంచిది, పండ్ల రసం కాదు. రెండు నారింజలు తింటే చాలనిపిస్తుంది, నాలుగింటి రసం రెండు గుటకల్లో అయిపోతుంది. తేనెలో షిఫా ఉందన్న విశ్వాసం మనందరిదీ. కాని నిమ్మరసంలో తేనె కలిపి త్రాగితే క్రొవ్వు కరుగుతుందన్నది వేరే మాట, దానికి ఆధారం లేదు. ఒక పెద్ద చెంచా తేనెలో అరవై కేలరీల పైనే ఉంటాయి. పచ్చి సొరకాయ రసం త్రాగేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. సొరకాయ చేదుగా ఉంటే అందులో విషపదార్థం ఉన్నట్లే. ఒక్క గుటక కూడా మ్రింగకుండా పారవేయాలి. వండుకునే ముందు చిన్న ముక్క నాలుకకు తగిలించి చూసి ఉమ్మేయడం మన పెద్దల అలవాటు, మంచి అలవాటు.

కీరదోసకాయ, ఖర్జూరం కలిపి తింటే సన్నబడతారని కూడా కొందరు ప్రచారం చేస్తున్నారు. దైవప్రవక్త (స) తాజా ఖర్జూరాలను కీరాతో కలిపి తిన్నట్లు బుఖారీ గ్రంథంలో ఉన్న మాట నిజమే. అయితే అబూదావూద్ గ్రంథంలో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ఒకటి ఉంది. పెళ్ళికి ముందు ఆమెకు కొంచెం ఒళ్ళు రావాలని తల్లి ఎన్నో పెట్టి చూసి, చివరికి ఈ రెండూ కలిపి పెడితే ఒళ్ళు వచ్చిందని! కీరా తేలికే, ఖర్జూరం తేలిక కాదు. మూడు చిన్న ఖర్జూరాలలో డెబ్బై కేలరీల దాకా ఉంటాయి. ఇఫ్తార్‌కు అవి చాలు.

రమజాను నెలలో

పగలంతా ఏమీ తినని నెలలో బరువు పెరగడం ఎలా సాధ్యమని అడిగేవారు మగ్‌రిబ్ నుంచి ఇషా వరకు మన దస్తర్‌ఖాన్‌ను చూస్తే చాలు. సమోసాలు, పకోడీలు, మిర్చీ బజ్జీలు, రంగు షర్బతు, ఆ పైన హలీమ్. ఉపవాసం బరువు తగ్గడానికి పెట్టింది కాదు, ఆ సంకల్పంతో ఉండరాదు కూడా. అయితే ఆ నెలలో ఐదు కిలోలు పెంచుకోమని కూడా ఎవరూ చెప్పలేదు. అఅరాఫ్ సూరా 31వ ఆయతులో తినడానికి అనుమతి, మితిమీరవద్దన్న హద్దు రెండూ ఒకే చోట ఉన్నాయి.

మన ప్రాంతంలో ఎన్నో మస్జిదుల్లో ఇఫ్తార్‌కు గంజి కాస్తారు. బియ్యం నూక, పెసరపప్పు, కొంచెం ఖీమా, కొత్తిమీర, పుదీనా. ఆ గంజే ఇఫ్తార్‌కు ఉత్తమం. ఖర్జూరం, నీళ్ళు, ఒక గిన్నెడు గంజి తీసుకుని మగ్‌రిబ్ నమాజుకు లేవండి. తిరిగి వచ్చేసరికి పకోడీల పళ్ళెం మీద అంత మోజు ఉండదు. ఉడికించిన శనగల గుగ్గిళ్ళలో ఉల్లి, నిమ్మ పిండుకుంటే వేపుళ్ళ లోటు తెలియదు. సహరీలో ఒట్టి పరాఠా, టీతో సరిపెట్టుకుంటే పది గంటలకే నీరసం వస్తుంది. గ్రుడ్డు, పప్పు, పెరుగు ఉంటే మధ్యాహ్నం దాకా నిలబడతారు.

దావతుల విషయం ఇంతకన్నా కష్టం. "ఒక్క ముక్క వేసుకోండి భాయీజాన్" అని ప్రేమగా వడ్డించే చేతిని త్రోసిపుచ్చలేము. మాకూ చేతకాలేదు. మేము చేస్తున్నది ఒక్కటే. వెళ్ళే ముందు ఇంట్లో ఒక గిన్నెడు పప్పుచారు త్రాగి వెళ్తాము. అక్కడ రైతా, ఉల్లిముక్కలు ముందు పెట్టుకుంటాము. బిర్యానీ తింటాము, రెండోసారి మాత్రం కాదు.

ఎవరు జాగ్రత్త పడాలి?

ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు అన్నం సగానికి తగ్గిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. మందు మోతాదు గురించి ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పప్పు, ఆకుకూరలు ఎంత తినాలన్నది డాక్టరే చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు బరువు తగ్గే ప్రయత్నం చేయరాదు. ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోతుంటే సంతోషించకండి, పరీక్ష చేయించుకోండి. పీచు అలవాటు లేనివారు ఒక్కరోజులో ఇంత కూర, ఇన్ని శనగలు తింటే కడుపు ఉబ్బరిస్తుంది. రెండు మూడు వారాలలో మెల్లగా పెంచుకోవాలి. వారానికి అర కిలో తగ్గితే చాలు. అంతకన్నా తొందర అవసరం లేదు. నడుము చుట్టుకొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే మన దేశ ప్రజలకు ప్రమాదం మొదలైనట్లు వైద్యులు లెక్కిస్తారు కనుక తూకంతో పాటు టేపు కూడా దగ్గర పెట్టుకోండి.

చివరిగా దాల్చా సంగతి. ఒక దర్జీ పిలుపు మీద దైవప్రవక్త (స) భోజనానికి వెళితే రొట్టె, సొరకాయ ముక్కలు, ఎండు మాంసం వేసిన పులుసు పెట్టారనీ, ఆయన పళ్ళెం అంచుల్లో సొరకాయ ముక్కలను ఏరి తిన్నారనీ, ఆ రోజు నుంచి తనకూ సొరకాయ అంటే ఇష్టం కలిగిందనీ హజ్రత్ అనస్ (రజి) చెప్పిన సంగతి బుఖారీలో ఉంది. మన దాల్చాలో కూడా సొరకాయ ఉంది, మాంసం ఉంది, పులుసు ఉంది. ఐదుగురికి శనగపప్పు ఒక కప్పు, క్రొవ్వు తీసేసిన మాంసం పావు కిలో, లేత సొరకాయ ఒక కిలో తీసుకోండి. పప్పు, మాంసం విడివిడిగా ఉడికించి, మాంసం ఉడికిన నీరు చల్లారాక పైన తేలిన క్రొవ్వును గరిటెతో తీసేయండి. రెండు పెద్ద చెంచాల నూనెలో ఉల్లి, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం వేగాక సొరకాయ ముక్కలు, పప్పు, మాంసం, ఆ నీరు, చింతపండు పులుసు పోసి ముక్క మెత్తబడే వరకు మరగనివ్వండి. చివర కరివేపాకు, పుదీనా. బగారా అన్నం వండిన రోజు అన్నం గరిటెతోనూ, దాల్చా గిన్నెతోనూ వడ్డించండి.